పట్టి వదిలే వేట

వెయ్యి పౌండ్ల చేప కోసం వేల డాలర్లు పోసి బోటు మాట్లాడుకుంటారు. ఒళ్లు హూనమయ్యేదాకా దానితో పెనుగులాడతారు. తీరా బోటు పక్కకు వచ్చాక, చేతులారా వదిలేస్తారు. ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్ అంచున దాదాపు 60 ఏళ్లుగా సాగుతున్న బ్లాక్ మార్లిన్ వేట కథ ఇది. మన కొమ్ముకోనెం కథ కూడా.

అక్టోబరు వచ్చిందంటే ఆస్ట్రేలియా ఈశాన్య తీరంలోని కెయిర్న్స్ రేవుకు కొత్త కళ వస్తుంది. ఎత్తైన బ్రిడ్జి, వెనక విశాలమైన డెక్, రెండు పక్కలా ఏటవాలుగా చాచిన పొడవాటి కర్రలు ఉన్న వేట బోట్లు బారులు తీరతాయి. దేశదేశాల నుంచి వచ్చినవాళ్లు వారానికో పది రోజులకో వాటిని అద్దెకు తీసుకుంటారు. కెప్టెన్, డెక్ మీద ఇద్దరు పనివాళ్లు, గాలాలు, ఎరలు, భోజనం, పడక అన్నీ ఆ అద్దెలోనే. ఇంత హంగామా ఒకే ఒక్క చేప కోసం. దాని పేరు బ్లాక్ మార్లిన్.

ఆ చేపను వాళ్లు తినరు, అమ్మరు, ఇంటికి తీసుకెళ్లరు. బోటు పక్కకు రప్పించి, వీపు మీద చిన్న ట్యాగ్ గుచ్చి, కొక్కెం తీసి వదిలేస్తారు. చేపను కూరగానో సరుకుగానో చూసే మనకు మొదటిసారి వింటే ఇది వింతగా తోస్తుంది. కానీ ఈ ఆట చరిత్ర తిరగేస్తే ఒక సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. ఇందులోని ఘనత పట్టడంలో లేదు. పట్టే సత్తా పూర్తిగా వచ్చాక వదలడం నేర్చుకోవడంలో ఉంది. అది ఒక్క రోజులో అబ్బలేదు. మెహర్బానీగా ఎవరో ఇచ్చిందీ కాదు. వేటాడినవాళ్లే తమ చేపను చూసి, దాన్ని అర్థం చేసుకుని, దాని పక్షాన నిలబడ్డారు.

దిబ్బ దాటితే అగాధం

కెయిర్న్స్ నుంచి ఉత్తరాన లిజార్డ్ దీవి దాకా రీఫ్ బయటి అంచు సుమారు 240 కిలోమీటర్లు సాగుతుంది. అందులో ఉత్తర భాగాన పది పగడపు దిబ్బలు సన్నగా, పొడుగ్గా ఒకదాని వెనక ఒకటి వరస కట్టి ఉంటాయి. వాటిని రిబ్బన్ రీఫ్‌లంటారు. ఒకటి నుంచి పది దాకా అంకెలే వాటి గుర్తులు. తీరం వైపు నీటి లోతు పదుల మీటర్లే. దిబ్బ దాటి బయటికి వెళితే మాత్రం సముద్రపు అడుగు కొద్ది దూరంలోనే వందల మీటర్లు దిగిపోతుంది. పగడాల చుట్టూ బతికే చేపలకూ, నడి సముద్రంలో తిరిగే చేపలకూ అదే సరిహద్దు.

సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా బ్లాక్ మార్లిన్లు గుడ్లు పెట్టడానికి ఈ అంచుకు చేరతాయి. వేటగాళ్లు కలలుగనే వెయ్యి పౌండ్ల చేప, అంటే దాదాపు 454 కిలోలది, కచ్చితంగా ఆడదే. మగ చేపలు ఆ బరువుకు దరిదాపుల్లోకి కూడా రావు. అంటే ఇక్కడ గాలానికి చిక్కే ప్రతి పెద్ద చేపా కోట్ల గుడ్లు మోసుకొచ్చిన తల్లి. ఈ ఒక్క నిజం తెలిశాక దాన్ని చంపి తూకం వేయడం ఎంత నష్టమో వేరే చెప్పనక్కర్లేదు.

ఇక్కడి వేటకు ఉదయం ఎరల పనితోనే సరిపోతుంది. రీఫ్ దగ్గర చిన్న గాలాలతో ఎర చేపలు పట్టి, నోరు కుట్టి, వెన్ను వంగేలా సవరించి, పెద్ద కొక్కేనికి కడతారు. పెద్ద ఎరగా వాడేది ఏదో కాదు, మన మార్కెట్లో అడిగి మరీ కొనుక్కునే వంజరమే. కిలోల బరువున్న వంజరాన్ని అలాగే ఎరగా కట్టారంటే వచ్చే చేప ఎంతటిదో ఊహించుకోవచ్చు. మధ్యాహ్నానికి బోటు దిబ్బ బయటికి వెళుతుంది. ఒక ఎర నీటి మీద ఎగిరెగిరి పడుతుంటుంది. మరొకటి నీటి లోపల ఈదుతున్నట్టు సాగుతుంటుంది. బ్రిడ్జి మీద కెప్టెన్ చూపు ఆ రెంటినీ వదలదు. గంటలు గడుస్తాయి. కొన్ని రోజులు ఏమీ పడకుండానే పొద్దు గూకుతుంది. రాత్రికి బోటు దిబ్బ లోపలివైపు, అలలు తగలని చోట లంగరు వేసుకుంటుంది.

యుద్ధం నాటి ఊరికి మళ్లీ వచ్చినవాడు

కెయిర్న్స్‌కు ఈ పేరు తెచ్చిపెట్టినవాడు జార్జ్ బ్రాన్స్‌ఫర్డ్ అనే అమెరికన్. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికుడిగా ఈ ప్రాంతానికి వచ్చాడు. వంజరం పట్టే స్థానిక జాలర్లు, గాలానికి పడ్డ చేపను ఏదో మహా మత్స్యం దారంతో సహా తెంపుకుపోతోందని చెప్పుకునేవారు. చాలామంది ఆ మాటలను కథలుగా కొట్టిపారేశారు. బ్రాన్స్‌ఫర్డ్ నమ్మాడు. 1960లలో కుటుంబంతో సహా కెయిర్న్స్‌కు తిరిగొచ్చి, ‘సీ బేబీ’ అనే బోటు కట్టించి చార్టర్, అంటే అద్దె వేట, మొదలుపెట్టాడు.

1966 సెప్టెంబరు 25న ఆ బోటు మీద రిచర్డ్ ఓబక్ గాలానికి ఒక బ్లాక్ మార్లిన్ పడింది. దారం 80 పౌండ్ల రకం. ఒడ్డుకు తెచ్చి తూస్తే 1,064 పౌండ్లు, అంటే 482 కిలోలకు పైనే. చెరకు తోటల మధ్య ప్రశాంతంగా ఉండే ఆ రేవు పేరు ప్రపంచంలోని వేటగాళ్ల నోళ్లలో నానడం మొదలైంది. హాలీవుడ్ నటుడు లీ మార్విన్ లాంటివాళ్లు ఏటా వచ్చి వెళ్లేవారు. బోట్లు పెరిగాయి, కొత్త కెప్టెన్లు తయారయ్యారు, పెద్ద ఎరను ఎలా కట్టాలో, పెద్ద చేప వెంట బోటును ఎలా నడపాలో ఇక్కడే ఒక విద్యగా రూపుదిద్దుకుంది.

ఆ విద్యలో జాలర్ల మాటకున్న విలువ గమనించాలి. పుస్తకాల్లో లేని చేపను వాళ్లు ముందే చూశారు. వాళ్ల అనుభవాన్ని నమ్మినవాడికే సముద్రం తన గుట్టు విప్పింది.

కుర్చీలో మనిషి, నీళ్లలో చేప

ఎర వెనక నీళ్ల కింద ఒక పెద్ద నీడ లేస్తుంది. మార్లిన్ ఉద్రేకపడితే ఒంటి మీది రంగు మారుతుంది. ఛాతీ పక్కనున్న రెక్కలు, ఒంటి పక్కల మీది చారలు నీలంగా మెరుస్తాయి. తల ఒక్కసారి విసిరి ఎరను అందుకుంటుంది. రీలు కీచుమంటూ తిరుగుతుంది. నిమిషం తిరగకముందే వందల మీటర్ల దారం సముద్రంలోకి వెళ్లిపోతుంది.

డెక్ మధ్యలో నేలకు బిగించిన ఫైటింగ్ చైర్ ఉంటుంది. వేటగాడు అందులో కూర్చుని, నడుముకు కట్టిన పట్టీని రీలుకు తగిలిస్తాడు. గాలం కర్ర మొదలు కుర్చీలోని గుంటలో ఆనుతుంది. పెద్ద మార్లిన్‌కు వాడే దారం 130 పౌండ్ల రకం. అంతకు మించిన బరువు పడితే తెగిపోతుంది. కాబట్టి రీలులోని బ్రేకును అందులో మూడోవంతు దగ్గర బిగించి, చేప లాగితే దారం వదులుతూ, అది అలిసినప్పుడు చుడుతూ పోవాలి. చేతుల బలంతో అయ్యే పని కాదు. కాళ్లు తన్నిపెట్టి, వీపు వెనక్కి వాల్చి, మళ్లీ ముందుకు వంగుతూ, వంగినప్పుడల్లా రెండు చుట్లు చుట్టుకోవాలి.

సగం పోరాటం కెప్టెన్‌దే. చేప పరుగెత్తితే బోటును వెనక్కి నడుపుతాడు. అలలు డెక్ మీదికి ఎగిసిపడి అందరినీ ముంచెత్తుతాయి. చివరిగా దారం కొసనున్న లావుపాటి లీడర్ చేతికందగానే డెక్ మీది పనివాడు గ్లౌజులు వేసుకున్న చేతులకు దాన్ని చుట్టి చేపను దగ్గరకు లాగుతాడు. ఈ ఆటలో అన్నిటికంటే ప్రమాదకరమైన క్షణం అదే. చేప ఒక్కసారి అడుగుకు దూకినప్పుడు చుట్టిన లీడర్ వదలకపోతే మనిషి నీళ్లలోకి వెళ్లిపోతాడు. అలా ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి.

ఈ పెనుగులాటకు నియమాలున్నాయి. చేప పడ్డాక గాలం కర్రను గానీ దారాన్ని గానీ వేటగాడు తప్ప మరొకరు ముట్టుకోకూడదు. ముట్టుకుంటే రికార్డుకు పనికిరాదు. పెద్ద తరగతి దారాలకు లీడర్ పొడవు 30 అడుగులు మించకూడదు. మనిషికీ చేపకూ మధ్య పోటీ న్యాయంగా ఉండాలన్నది ఈ నియమాల సారాంశం. చేపకు తప్పించుకునే అవకాశం ఇవ్వడం దగ్గరే ఈ ఆటలో గౌరవం మొదలైంది. తర్వాతి తరాలు ఆ గౌరవాన్ని ఇంకాస్త ముందుకు తీసుకెళ్లాయి.

వేలాడదీసి ఫొటో దిగిన రోజులు

సముద్రపు పెద్ద చేపలను సరదాగా గాలంతో పట్టడాన్ని ఒక క్రీడగా మలిచింది అమెరికాలోని కాలిఫోర్నియా తీరం. 1898లో కాటలీనా దీవిలో చార్లెస్ ఫ్రెడరిక్ హోల్డర్ ట్యూనా క్లబ్‌ను స్థాపించాడు. సన్నని దారంతో, నైపుణ్యంతో పట్టాలన్న పట్టింపు అక్కడే నాటుకుంది. 1939లో న్యూయార్క్‌లోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీలో ఇంటర్నేషనల్ గేమ్ ఫిష్ అసోసియేషన్ పుట్టింది. దాని వెనక ఉన్నవాడు మైఖేల్ లెర్నర్. తొలినాళ్ల సారథుల్లో నవలాకారుడు ఎర్నెస్ట్ హెమింగ్వే కూడా ఉన్నాడు. అప్పటి నుంచీ ప్రపంచ రికార్డుల లెక్క ఆ సంస్థదే.

బ్లాక్ మార్లిన్ రికార్డు ఇప్పటికీ 1953 నాటిదే. ఆ ఏడాది ఆగస్టు 4న పెరూ దేశపు కాబో బ్లాంకో తీరంలో ఆల్ఫ్రెడ్ గ్లాసెల్ జూనియర్ పట్టిన చేప 1,560 పౌండ్లు తూగింది. అంటే 707 కిలోలు. అతను తీయించిన దృశ్యాలను తర్వాత ‘ది ఓల్డ్ మ్యాన్ అండ్ ది సీ’ సినిమాలో వాడుకున్నారు. ఆ సినిమా కోసమే హెమింగ్వే 1956లో కాబో బ్లాంకో వెళ్లాడు. ఆ కాలపు పెద్ద మార్లిన్ వేటకు రాజధాని లాంటి ఆ ఊళ్లో కాలం గడిచేకొద్దీ చేపలు తగ్గాయి, అక్కడి వేట క్లబ్బూ మూతపడింది.

ఆ రోజుల్లో చేప దొరికితే ఒడ్డున పెద్ద చట్రానికి తలకిందులుగా వేలాడదీసేవారు. పొట్ట మీద బరువు రాసి పక్కన నిలబడి ఫొటో దిగేవారు. ఆ తర్వాత చాలాసార్లు అది వృథాగా పోయేది. కెయిర్న్స్ కూడా మొదట్లో ఇదే దారిన నడిచింది. కానీ ఏళ్ల తరబడి అవే నీళ్ల మీద తిరిగే కెప్టెన్లకు ఒక సంగతి ఒంటబట్టింది. ఏటా వచ్చే తల్లి చేపలను ఏటా చంపుతూ పోతే తమ జీవనాధారాన్నే తాము తెంచుకున్నట్టు.

1973లో న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వ మత్స్య విభాగం గేమ్ ఫిష్ ట్యాగింగ్ కార్యక్రమం మొదలుపెట్టింది. వేటగాడు చేపకు నంబరున్న ట్యాగ్ గుచ్చి వదులుతాడు. చోటు, తేదీ, అంచనా బరువు కార్డు మీద రాసి పంపుతాడు. అదే చేప మళ్లీ ఎవరికైనా చిక్కితే అది ఎంత దూరం వెళ్లిందో, ఎంత ఎదిగిందో తెలుస్తుంది. దశాబ్దాలుగా లక్షల చేపలకు ఈ ట్యాగులు పడ్డాయి. శాస్త్రవేత్తలకు బోట్లు, డబ్బు లేని చోట వేటగాళ్లే పరిశోధనకు చేతులయ్యారు. 1998లో ఆస్ట్రేలియా చట్టం మరో అడుగు వేసింది. వ్యాపారానికి చేపలు పట్టే నౌకలు తమ జలాల్లో దొరికిన బ్లాక్, బ్లూ మార్లిన్లను ఉంచుకోకూడదని నిషేధించింది. చేప బతికి ఉంటేనే రేవు బతుకుతుందన్న వాదనతో ఆ చట్టం వెనక గట్టిగా నిలబడినవాళ్లలో ఈ వేటగాళ్లు ముందున్నారు.

వదిలితే బతుకుతుందా?

న్యాయమైన ప్రశ్న ఇది. గంటసేపు పెనుగులాడి అలిసిన చేప వదిలాక చచ్చిపోతే ఆ వదలడానికి అర్థం లేదు. ఆ దిగులే మార్పులకు దారి తీసింది.

మొదటిది కొక్కెం. మామూలు కొక్కేన్ని చేప మింగితే అది గొంతులోనో పొట్టలోనో గుచ్చుకుంటుంది. కొన లోపలికి గుండ్రంగా తిరిగిన సర్కిల్ హుక్ అయితే గొంతులోంచి జారి వచ్చి పెదవి మూలన పట్టుకుంటుంది. అట్లాంటిక్ తెల్ల మార్లిన్ల మీద ఉపగ్రహ ట్యాగులతో చేసి 2005లో వెలువరించిన అధ్యయనంలో ఈ తేడా తేటతెల్లమైంది. మామూలు కొక్కెంతో పట్టి వదిలినవాటిలో 65 శాతం బతికితే, సర్కిల్ హుక్‌తో పట్టినవన్నీ బతికాయి. 2008 నుంచి అమెరికా అట్లాంటిక్ తీరపు మార్లిన్ పోటీల్లో సహజమైన ఎరకు సర్కిల్ హుక్కే వాడాలన్న నియమం వచ్చింది.

రెండోది ఆ చివరి నిమిషం. చేపను డెక్ మీదికి లాగకూడదు. తల నీళ్లలోనే ఉంచి బోటును మెల్లగా ముందుకు నడిపితే నోటి గుండా నీళ్లు మొప్పలకు చేరతాయి. కదలకుండా ఉంటే మార్లిన్‌కు ఊపిరాడదు. ఈదుతూ ఉంటేనే దానికి ప్రాణవాయువు అందుతుంది. తోక తనంతట తాను ఊగడం మొదలయ్యేదాకా అలా పట్టుకుని, అప్పుడు వదలాలి. పోరాటం ఎంత త్వరగా ముగిస్తే చేపకు అంత మేలు. అందుకే ఈ వేటలో బలమైన దారం, నేర్పున్న కెప్టెన్ చేపకు కూడా మేలు చేస్తారు.

రీఫ్ అంచున ట్యాగ్ చేసిన చేపలు ఎక్కడికి వెళుతున్నాయో మైఖేల్ డోమియర్, పీటర్ స్పియర్ 2012లో ప్రచురించారు. గుడ్లు పెట్టాక అవి పసిఫిక్‌లో నలుదిక్కులకూ చెదిరిపోతున్నాయి. ఏ ఒక్క దేశమూ ఇవి నావని చెప్పుకోలేదు. ఏ ఒక్క దేశమూ ఒంటరిగా కాపాడనూ లేదు.

ఈ చేప గురించి ప్రచారంలో ఉన్న కొన్ని మాటలను సరిచేసింది కూడా ఇలాంటి పరిశోధనే. మార్లిన్లు, వాటి దగ్గరి బంధువులు గంటకు వంద కిలోమీటర్లు దాటి ఈదుతాయని ఏళ్లుగా రాస్తూ వచ్చారు. అలాంటి బంధువైన సెయిల్‌ఫిష్ కండరాల మీద చేసిన కొలతలతో అది అసాధ్యమని 2016లో తేలింది. గంటకు 40 కిలోమీటర్ల లోపే దాని హద్దు. అసలు విశేషం వేరే ఉంది. ఈ చేపల కంటి వెనక వేడి పుట్టించే ప్రత్యేక కణజాలం ఉంటుంది. చల్లని లోతుల్లోనూ అది మెదడునూ కళ్లనూ వెచ్చగా ఉంచుతుంది.

ఏ తీరంలో ఏ వేట?

• కోనా, హవాయి: అగ్నిపర్వతాల నీడన గాలి తగ్గి సముద్రం నిమ్మళంగా ఉంటుంది. ఒడ్డుకు దగ్గర్లోనే లోతు మొదలవుతుంది. బ్లూ మార్లిన్‌కు పేరు. 1959 నుంచి అంతర్జాతీయ పోటీ జరుగుతోంది. పట్టిన చేపను అమ్ముకునే సంప్రదాయమూ ఇక్కడ ఉంది.

• కాబో శాన్ లూకాస్, మెక్సికో: చారల మార్లిన్‌కు ప్రసిద్ధి. తీరం నుంచి 50 నాటికల్ మైళ్ల వరకు మార్లిన్లను క్రీడా వేటకే కేటాయిస్తూ మెక్సికో చట్టం చేసింది.

• మారిషస్: పడమటి తీరంలోని బ్లాక్ రివర్ ప్రాంతం చార్టర్ బోట్లకు కేంద్రం. తరాల కిందట తెలుగు నేల నుంచి వెళ్లిన కుటుంబాల వారసులున్న ఈ ద్వీపంలో నవంబరు నుంచి మార్చి దాకా బ్లూ మార్లిన్ కాలం.

• అండమాన్: మన దేశంలో క్రీడా వేటకు పేరున్న చోటు. పెద్ద ట్రెవల్లీలు, డాగ్‌టూత్ ట్యూనా, సెయిల్‌ఫిష్ కోసం విదేశీయులు వస్తారు.

మన కొమ్ముకోనెం

కెయిర్న్స్‌లో వేల డాలర్లు పలికే ఆ బ్లాక్ మార్లిన్ మన బంగాళాఖాతంలోనూ తిరుగుతుంది. విశాఖ, అనకాపల్లి, శ్రీకాకుళం తీరాల్లో జాలర్లు కొమ్ముకోనెం అని పిలిచే చేపల్లో ఇదీ ఒకటి. ఇక్కడ దానితో తలపడేవాడికి కుర్చీ లేదు, నడుముకు పట్టీ లేదు, బ్రేకున్న రీలు లేదు. చిన్న పడవ, చేతి గాలం, అరచేతుల్లో కోసుకుపోయే దారం. 2022లో పరవాడ తీరం నుంచి వేటకు వెళ్లిన జాలరి ఒకరు కొమ్ముకోనెం పొడిచి ప్రాణం కోల్పోయారు. 2025 జులైలో పూడిమడక నుంచి వెళ్లిన మరొకరిని, గాలానికి చిక్కిన పెద్ద చేప సముద్రంలోకి లాక్కుపోయింది. అక్కడ సరదాగా ఎదుర్కొనే బలాన్ని ఇక్కడ పొట్టకూటి కోసం ఎదుర్కొంటారు. ఈ తేడా మరిచి ‘మీరూ వదిలేయండి’ అని మన జాలర్లకు చెప్పే అర్హత ఎవరికీ లేదు.

అయితే చేప తగ్గితే ముందు నష్టపోయేదీ వాళ్లే. హిందూ మహాసముద్రంలో బ్లాక్ మార్లిన్లలో ఎక్కువ భాగం క్రీడాకారుల గాలాలకు కాదు, ఇరాన్, భారత్, శ్రీలంక లాంటి దేశాల వలలకూ వరస గాలాలకూ పడుతోంది. భారత్ సభ్యదేశంగా ఉన్న హిందూ మహాసముద్ర ట్యూనా కమిషన్ 2018లో చేసిన తీర్మానంలో ఈ చేప వేటకు ఏడాదికి 9,932 టన్నుల పరిమితి పెట్టింది. 60 సెంటీమీటర్లు దాటని మార్లిన్ పిల్లలను ఉంచుకోకూడదనీ చెప్పింది. కాగితం మీద ఉన్న ఈ నియమం రేవు దాకా రావాలి. ఏ జాతి చేప, ఎంత బరువు, ఎక్కడ దొరికింది అన్నది కొమ్ముకోనెం పేరుతో ఒకే కుప్పగా కాకుండా విడివిడిగా నమోదవ్వాలి. మన జలాల్లో ఇవి ఎక్కడ గుడ్లు పెడుతున్నాయో తెలుసుకోవడానికి అదే తొలిమెట్టు. కెయిర్న్స్‌లో ట్యాగు కార్డులు నింపినవాళ్లు శాస్త్రవేత్తలు కాదు, బోటు మనుషులే. సముద్రాన్ని అంతకంటే దగ్గరగా ఎరిగిన మన జాలర్లకు ఆ పాత్ర అప్పగిస్తే, దానికి తగిన ప్రతిఫలమూ పడవల్లో రక్షణ సామగ్రీ అందిస్తే, వాళ్లు చేయలేరని అనుకోవడానికి కారణమే లేదు.

అండమాన్‌లో ఎదుగుతున్న చార్టర్ రంగానికీ ఈ పాఠం వర్తిస్తుంది. కెయిర్న్స్ మొదట చంపి, తర్వాత నేర్చుకుంది. కాబో బ్లాంకో నేర్చుకునేలోపే అంతా అయిపోయింది. మనం ఆ రెండు దారులూ చూశాం గనుక మొదటి రోజు నుంచే సర్కిల్ హుక్కుతో, ట్యాగుతో, వదిలే నియమంతో మొదలుపెట్టవచ్చు. స్థానిక పడవవాళ్లను కెప్టెన్లుగా తయారు చేసుకోవచ్చు. ఒక చేపను ఒకసారి అమ్మితే ఒక రోజు కూలి. అదే చేప బతికి ఏటా తిరిగొస్తే ఒక ఊరికి ఉపాధి. కెయిర్న్స్ రేవు ఈ లెక్క నేర్చుకుని దశాబ్దాలుగా దాని మీదే బతుకుతోంది. అదే చేప మన ముంగిట కూడా ఈదుతోంది కాబట్టి ఆ లెక్క మనకూ వర్తిస్తుంది.